రోజుకో వాకిలి

మా ఆవిడ ముగ్గు వేయడం వల్ల కొమ్మలొద్ది అనే ఊళ్లో ఒక ఇల్లు ఎక్కువైంది. కొన్నాళ్ల తర్వాత మా ఆవిడే ఇంకో ముగ్గు వేయడం వల్ల ఆ ఊళ్లో ఇళ్లన్నీ లేకుండా పోయాయి. రెండూ ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కాయి కాబట్టి రెండూ నిజాలే. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు భావనారాయణ. తెనాలిలో టెంట్ హౌస్ నడిపాను. పెళ్లిళ్లకీ, ఓణీల ఫంక్షన్లకీ, రాజకీయ సభలకీ షామియానాలు, కుర్చీలు, గుండిగలు అద్దెకిచ్చి బతికాను. ఊరందరికీ నీడ వేసిన వాణ్ణే గానీ ఏ నీడనా నేను కుదురుగా కూర్చున్నది లేదు. ముహూర్తాలు ఉన్న రోజుల్లో పరుగులు, లేని రోజుల్లో చిరుగులకి కుట్లు. మా ఆవిడ శేషారత్నం కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఒకే ఇంటి ముందు, ఒకే వాకిట్లో ముగ్గు వేస్తూ వచ్చింది. కొట్టు మేనల్లుడికి అప్పజెప్పిన రోజున, "ఇంక నీకేం కావాలో అడుగు రత్నం" అన్నాను. నగ అడుగుతుందేమోనని లోపల కాస్త భయంగానే ఉంది.

"రోజుకో కొత్త వాకిట్లో ముగ్గెయ్యాలని ఉందండీ" అంది.

నాకు అర్థం కాలేదు. "హోటళ్లలో దిగుదామా?" అన్నాను.

"హోటల్లో వాకిలేడుంటది? వరండా ఉంటది. దాన్ని ఎవరో ఒకరు తుడుస్తానే ఉంటారు. నాకు మట్టి నేల కావాల. పొద్దున తలుపు తీస్తే కొత్తగా ఉండాల. నీళ్లు చల్లితే ఆ ఊరి వాసన రావాల."

ఇల్లు మనతో వస్తే తప్ప ఈ కోరిక తీరదు. కాబట్టి ఇంటినే వెంట తీసుకెళ్లే ఏర్పాటు చేశాను. విజయవాడలో లారీల బాడీలు కట్టే ఒక మేస్త్రీ చేత కారు వెనక తగిలించుకునే ట్రెయిలర్ కట్టించాను. అందులో ఒక మంచం, గ్యాసు పొయ్యి, చిన్న సింకు, అగ్గిపెట్టె అంత బాత్రూము, ఒక తలుపు, తలుపు కింద రెండు మెట్లు ఉన్నాయి. ఎక్కడైనా ఆపితే నాలుగు మూలలా జాకీలు దించాలి, కొక్కెం తప్పించాలి, అంతే. షామియానా వేయడం కంటే తేలిక.

సంక్రాంతి సందడి సద్దుమణిగాక బయల్దేరాం. లంబసింగి వెళ్లి మంచు చూడాలని రత్నం పట్టుదల. మాఘం దాటితే ఆ మంచు దొరకదు. దారిలో ఎక్కడ రాత్రయితే అక్కడ పడుకున్నాం. ఒకచోట పెట్రోలు బంకు వెనక, ఒకచోట ఇటుకల బట్టీ పక్కన, ఒకచోట గోదావరి గట్టున. పొద్దున్నే ఆవిడ తలుపు తీసి, చుట్టూ ఒకసారి చూసి, ఆ చోటికి ఏ ముగ్గు నప్పుతుందో ఆలోచించి, పేడ దొరికితే కళ్లాపి, లేకపోతే ఉత్త నీళ్లు చల్లి మొదలుపెట్టేది. బంకు వెనక వేసిన తామరపువ్వు మీద ఎవడో మోటారు సైకిలు ఆపితే, వాడికి టీ ఇచ్చి మరీ బండి తీయించింది. ఆ వారం రోజుల్లో ఆవిడ నవ్వినంత పెళ్లయ్యాక ఎప్పుడూ నవ్వలేదు. ఆ మాట ఆవిడతో అనలేదు గానీ నాకు మాత్రం కొంచెం సిగ్గేసింది.

అలా వెళ్తూ వెళ్తూ కొమ్మలొద్ది చేరాం. మన్యం మొదలయ్యే చోట, చిన్న జలాశయం ఒడ్డున ఉన్న ఊరు. ఊరి బయట పెద్ద కమాను, దాని మీద 'విహార వాహన విడిది కేంద్రం' అని అక్షరాలు. చక్రాల ఇళ్లలో తిరిగే యాత్రికుల కోసమే కట్టారట. ఈ మధ్య మన వాళ్లకి ఇదొక కొత్త పిచ్చి పట్టుకుంది. కొండ కనబడితే కమాను కడుతున్నారు.

గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కునుకు తీస్తున్న మేనేజరు మమ్మల్ని చూసి లేచాడు, కళ్లు నులుముకున్నాడు, ట్రెయిలర్ చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగాడు. ఆయన పేరు గవరయ్య.

"నిజంగా బండేనాండి? వెనకాల ఇల్లుందాండి?" అన్నాడు.

"ఉంది. రెండు రాత్రులుండి పోతాం."

"అమ్మ బాబోయ్, మీరు రండి ముందు. ఈ కేంద్రానికి మూడుసార్లు ప్రారంభోత్సవం చేశారండి. బండి మాత్రం ఒక్కటీ రాలేదండి. పైనించి రోజూ ఫోనండి, ఎన్ని బండ్లొచ్చినాయి, ఎన్ని బండ్లొచ్చినాయి అని. ఏం చెప్పమంటారు?"

కొబ్బరికాయ కొట్టి, ట్రెయిలర్‌కి బంతిపూల దండ వేసి, దానితో ఫోటో దిగాడు. గది ఏదైనా దొరుకుతుందా, మా బాత్రూములో చేయి చాచడానికి లేదు, కాస్త విశాలంగా స్నానం చేయాలి అని అడిగితే, "గదులుండవండి. ఇక్కడికొచ్చేవోళ్లు ఎవరి గది ఆళ్లే తెచ్చుకోవాలండి. అదే దీని గొప్ప" అన్నాడు.

మర్నాడు పొద్దున రత్నం తలుపు తీసింది. ఎదురుగా జలాశయం, నీళ్ల మీద పొగలా లేస్తున్న ఆవిరి, కాళ్ల కింద ఎర్రమట్టి. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. పక్క పాకల వాళ్ల దగ్గర పేడ అడిగి తెచ్చి కళ్లాపి చల్లి, నెమళ్ల ముగ్గు వేసింది. అంత పెద్దది తెనాలి వాకిట్లో పట్టేది కాదు.

సరిగ్గా అప్పుడే పంచాయతీ కార్యదర్శి సత్యమూర్తి గారు అటుగా వచ్చారు. మనిషి సన్నగా, పద్ధతిగా ఉంటారు. చంకలో సంచి, జేబులో మూడు రంగుల పెన్నులు. ముగ్గు దగ్గర చెప్పులు విడిచి, వంగి, దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

"ఎప్పుడు కట్టారండి ఈ ఇల్లు?" అన్నారు.

"ఇల్లు కాదండీ, ట్రెయిలర్. నిన్న సాయంత్రమే వచ్చాం."

"వాకిలి ఊడ్చింది ఎవరండి?"

"మా ఆవిడ."

"కళ్లాపి చల్లింది?"

"ఆవిడే."

"ముగ్గు?"

"ఆవిడే వేసిందయ్యా. ఇంతకీ ఏమైంది?"

సత్యమూర్తి గారు సంచిలోంచి మడతలు పడిన పాత కాగితం తీశారు. ఆ కథ ఆయన నోటనే విన్నాను. ఒకప్పుడు ఆ మండలంలో ఎవరు ఊళ్లో ఉంటున్నారో, ఎవరు ఇంటికి తాళం వేసి ఎక్కడో ఉంటూ ఇక్కడ పింఛను తీసుకుంటున్నారో తెలియక అధికారులు తల పట్టుకున్నారట. అప్పుడున్న పెద్దాయన ఒకాయన ఆలోచించి ఒక నియమం పెట్టాడు. 'ప్రాతఃకాలమున వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేయబడిన ప్రతి కట్టడము నివాస గృహముగా పరిగణింపబడును.' ఆ పెద్దాయన బదిలీ అయ్యాడు, రిటైరయ్యాడు, పోయాడు కూడా. నియమం మాత్రం నిక్షేపంలా ఉంది.

"ముగ్గెయ్యని వాళ్ల సంగతేంటి?" అన్నాను, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని.

"చర్చి వీధిలో గుమ్మానికి నక్షత్రం వేలాడితే దాన్నే ముగ్గుగా భావించాలని సవరణ ఉందండి. మసీదు సందులో గుమ్మానికి పరదా ఉంటే సరిపోద్దండి. నియమం అందరికీ ఒకటేనండి" అంటూ ఎర్ర రంగు డబ్బా తీసి మా తలుపు పక్కన అంకెలు వేశారు. 4-17/చ. 'చ' అంటే చక్రములు గలది.

నాకు నవ్వొచ్చింది. రత్నానికీ నవ్వొచ్చింది. డోరు నెంబరు పక్కన నిలబెట్టి ఆవిడకి ఫోటో కూడా తీశాను.

మూడో రోజు పొద్దున జాకీలు ఎత్తి, కొక్కెం తగిలించి గేటు దాకా వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. సత్యమూర్తి గారు అడ్డంగా నిలబడి ఉన్నారు.

"మీరు వెళ్లొచ్చండి. కారూ వెళ్లొచ్చండి. ఇల్లు మాత్రం ఊరు దాటకూడదండి."

"ఇల్లు నాదయ్యా."

"మీదేనండి. కాదని ఎవరన్నారు? ఎవరిల్లు వాళ్లదే. అట్టని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పట్టుకుపోతే ఊరేం మిగుల్తుందండి? ఇల్లు ఊరి పొలిమేర దాటాలంటే ఊరి పొలిమేర జరగాలండి. దానికి శాసనసభలో పెట్టాలండి."

"పోనీ రేపటి నుంచీ ముగ్గెయ్యం. అప్పుడిది ఇల్లు కాదుగా" అంది రత్నం.

"ముగ్గు పడకపోతే ఖాళీ ఇల్లు అవుద్దండి అమ్మగారూ. ఖాళీ ఇంటికి సీలు వెయ్యాలండి. మీ సామాన్లన్నీ లోపలుంటాయి గదా, ఆలోచించుకోండి."

ఆయన గొంతులో బెదిరింపు లేదు. నిజంగానే మా మేలు కోరి చెప్పారు. అదే నాకు ఎక్కువ భయం కలిగించింది.

ఇంతలో గవరయ్య పరిగెత్తుకొచ్చాడు. మా తరఫున మాట్లాడతాడనుకున్నాను. మాట్లాడాడు కూడా. "ఇది ఇల్లెట్టవుద్దండి? ఇది విహార వాహనం. నాకున్నదే ఒక్కటి. దాన్ని మీరు ఇల్లంటే నా కేంద్రంలో మళ్లీ సున్నా అవుద్దండి" అన్నాడు.

"వాహనమే గదా, అయితే పోనీయ్" అన్నాను.

గవరయ్య తల గోక్కున్నాడు. "పోనిచ్చినా సున్నానే గదండి" అన్నాడు. గేటు తాళం జేబులో వేసుకుని, ఇద్దరూ చెరో వైపూ నిలబడి మా ట్రెయిలర్ గురించి పోట్లాడుకున్నారు. మమ్మల్ని కదలనివ్వకూడదన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

గొడవ పైకి వెళ్లింది. తీర్చడానికి ప్రత్యేక అధికారి విశ్వేశ్వరం గారు వచ్చారు. భారీ మనిషి, భారీ కారు, భారీ మాట. ఆయన కోసం వేసిన షామియానా చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. గుంజలు వంకర, తాళ్లు వదులు, నడిమధ్య నీళ్లు నిలిచే గుంట. నేనే లేచి రెండు తాళ్లు బిగించి కట్టాను. ఆ పని చూసి, 'స్థానిక గృహస్థుల స్వచ్ఛంద భాగస్వామ్యం' అని మినిట్సులో రాసుకున్నారు.

విశ్వేశ్వరం గారు ఇరుపక్షాలూ విని, నీళ్లు తాగి, తీర్పు చెప్పారు. "ఉభయ శాఖల వాదనలయందును సహేతుకత కలదు. కావున సదరు నిర్మాణము యొక్క పైభాగము గృహముగాను, క్రిందిభాగము వాహనముగాను నిర్ణయించడమైనది. గృహము గ్రామమందే స్థిరముగా ఉండవలెను. చక్రములు మాత్రము స్వేచ్ఛగా ఎచ్చటికైనను వెళ్లవచ్చును."

"చక్రాలు మాత్రం లంబసింగి వెళ్లి ఏం చేస్తాయి బాబూ?" అంది రత్నం.

"అది చక్రముల ఐచ్ఛికము" అన్నారాయన.

ఆ రోజు నుంచీ మా ఇంటి అభివృద్ధి మొదలైంది. ఇల్లన్నాక పునాది ఉండాలని చక్రాల చుట్టూ ఇటుకలు పేర్చి పూత పూశారు. చక్రాలు వెళ్లాలనుకుంటే ఎలా అని అడిగితే, పునాది పంచాయతీది, చక్రాలు రవాణా శాఖవి, ఆ శాఖ నుంచి అభ్యంతరం ఏదీ రాలేదు అన్నారు. ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత ఉండాలని మెట్ల పక్కనే గొయ్యి తవ్వారు. మొదటి రోజే అందులో గవరయ్య పడ్డాడు. మరుగుదొడ్డి ముందు నిలబడి లబ్ధిదారుడి ఫోటో దిగాలన్నారు. మాది లోపల ఉంది, మనిషి నిలబడితే దొడ్డి కనబడదు, దొడ్డి కనబడితే మనిషి పట్టడు. చివరికి నన్ను కిటికీలోంచి తల బయటపెట్టమని ఫోటో తీసుకెళ్లారు. ట్రెయిలర్ వెనక గోడ మీద 'పచ్చని చెట్టు నాటుదాం' అని పచ్చ రంగుతో రాశారు. వార్డు సభ్యుడు వచ్చి, ఈ వీధిలో కొత్తగా రెండు ఓట్లు వచ్చాయటగా, వీధి దీపం వేయిస్తాను, నన్ను గుర్తుపెట్టుకోండి అని రెండు చేతులూ పట్టుకున్నాడు. వీధి ఏదయ్యా అంటే, మీ ఇల్లే వీధి అన్నాడు.

ఇవన్నీ నేను ఎలాగోలా నవ్వుకుంటూ భరించాను. రత్నం సంగతే భరించలేకపోయాను.

ముగ్గు పడిందీ లేనిదీ చూసి సంతకం పెట్టడానికి సత్యమూర్తి గారు రోజూ పొద్దున్నే వస్తారు. ఆయన వచ్చేలోపు ముగ్గు పడి ఉండాలి. ఆవిడ లేస్తుంది, అదే జలాశయాన్ని చూస్తుంది, అదే మట్టి మీద నీళ్లు చల్లుతుంది. మొదట నెమళ్లు పోయాయి. తర్వాత తామరలు పోయాయి. తర్వాత చుక్కలు తగ్గుతూ తగ్గుతూ, ఒక రోజు నాలుగే చుక్కలు పెట్టి, చుట్టూ ఒక గీత తిప్పి లోపలికి వచ్చేసింది. తెనాలిలో జ్వరంతో ఉన్నప్పుడు కూడా అంత చిన్న ముగ్గు వేయలేదు ఆవిడ.

"ఇదైతే తెనాల్లోనే ఉండేవాళ్లం గదండీ. అక్కడ కనీసం ఎవురూ సంతకం పెట్టేవాళ్లు కాదు" అంది.

నాకు కోపం వచ్చింది. "గేటు గుద్దేసి పోదాం పద" అన్నాను.

"ఎందుకులే. ఇల్లు పోయిందని ఆ సత్యమూర్తి ఉద్యోగం ఊడుద్ది. బండి పోయిందని గవరయ్య ఉద్యోగం ఊడుద్ది. పిల్లలు గలవాళ్లు" అంది. కొంగు సర్దుకుంటూ, "లంబసింగిలో మంచు ఇంకెన్నాళ్లుంటదో" అంది.

అలాంటి రోజుల్లో విశ్వేశ్వరం గారు మళ్లీ వస్తున్నారని కబురొచ్చింది. చక్రాల గృహాన్ని ఆదర్శ గృహంగా ప్రకటించే ఫైలు పైకి పోవాలట. పోవాలంటే ముగ్గు పడే వేళకు స్వయంగా చూసి ధ్రువీకరించాలట. తెల్లారేసరికి ఉండాలంటే ముందు రోజే రావాలి. సాయంత్రం భారీ కారు వచ్చి మా ట్రెయిలర్ ఎదురుగా ఆగింది.

"మా బస ఎచ్చట?" అన్నారు గవరయ్యతో.

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "గదులుండవండి. ఎవరి గది ఆళ్లే తెచ్చుకోవాలండి."

విశ్వేశ్వరం గారు ఆ నియమం ఎవరు పెట్టారని ఉరిమారు. కేంద్రం ఏర్పాటు పత్రం మీద ఆయన సంతకమే ఉందని గవరయ్య మెల్లగా చెప్పాడు. తెల్లారి జిల్లా కేంద్రంలో పెద్ద సమావేశం ఉందట, ముగ్గు చూసి అటు నుంచి అటే పోవాలట. ఇక చేసేది లేక సీటు వెనక్కి వాల్చి, కారులోనే పడుకుంటానన్నారు. డ్రైవరు ఊళ్లో చుట్టాలింటికి పోయాడు. రత్నం ఆయనకి పెరుగన్నం, దుప్పటీ ఇచ్చి వచ్చింది.

వచ్చాక చాలాసేపు కిటికీలోంచి ఆ కారునే చూసింది. తర్వాత మంచం కింద నుంచి రంగుల డబ్బా తీసింది. ఆ డబ్బా తీసి ఎన్నాళ్లయిందో.

"ఏంటి సంగతి?" అన్నాను.

"ఏం లేదండీ. మన వీధిలోకి కొత్తగా వచ్చారు గదా ఆయన" అంది.

తెల్లవారుతుండగా చీపురు చప్పుడుకి మెలకువ వచ్చింది. బయటికి వచ్చి చూస్తే మా గుమ్మం ముందు ఎప్పటిలాగే నాలుగు చుక్కలు. ఆ పక్కన, విశ్వేశ్వరం గారి కారు తలుపు ముందు, నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. కళ్లాపి తడి ఇంకా ఆరలేదు. దాని మీద నెమళ్లు, తామరలు, వాటి చుట్టూ మెలికలు, మెలికల మధ్య పసుపూ ఎరుపూ నీలం. కారు చుట్టూ తిరిగి వెనక డిక్కీ దాకా అంచు వేసింది ఆవిడ. పెళ్లికూతురిని చేసిన ఇల్లులా ఉంది ఆ కారు. లోపల ఆయన నోరు తెరిచి గుర్రుపెడుతున్నారు.

వేళ తప్పకుండా సత్యమూర్తి గారు వచ్చారు. మా ముగ్గు చూసి సంతకం పెట్టారు. తల ఎత్తి కారును చూశారు. చెప్పులు విడిచారు. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. పాపం, లోపల ఎంత నలిగిపోయారో గానీ చేయి మాత్రం సంచిలోకే వెళ్లింది.

"వాకిలి ఊడ్చి ఉందండి" అన్నారు నాతో, ఏడుపు గొంతుతో.

"ఉంది" అన్నాను.

"లోపల మనిషి నివాసం కూడా ఉన్నారండి."

"వినబడుతూనే ఉంది గదా."

ఎర్ర రంగు కుంచె కారు తలుపు మీద తగలగానే విశ్వేశ్వరం గారు లేచారు. అద్దం దించేసరికి 4-18 దాకా పూర్తయింది. 'చ' ఒక్కటే మిగిలింది.

"ఏమిటిది?" అన్నారాయన. భారీ మాట నిద్రలో ఎక్కడో పడిపోయింది.

"ఇంటి నెంబరండి" అన్నారు సత్యమూర్తి గారు.

ఆ తర్వాత అరగంట ఆయన అరిచారు. సత్యమూర్తి గారు చేతులు కట్టుకుని నియమం చదివారు. మా విషయంలో విశ్వేశ్వరం గారు ఇచ్చిన తీర్పు కూడా చదివారు. పైభాగము గృహము, క్రిందిభాగము వాహనము. చక్రములు సమావేశానికి వెళ్లవచ్చును. గవరయ్య మాత్రం పరమానందంగా ఉన్నాడు. కారులో రాత్రి నిద్ర చేశారు కాబట్టి అది కూడా విహార వాహనమేనని, తన కేంద్రంలో రెండో బండి నమోదైందని ఫోనులో పైవాళ్లకి చెబుతున్నాడు. ఊరి వాళ్లు పునాది కోసం మిగిలిన ఇటుకలు మోసుకొస్తున్నారు. సమావేశం వేళ దగ్గర పడుతోంది.

"ఆ నియమము రద్దు చేయుచున్నాను. వ్రాయుము" అన్నారు విశ్వేశ్వరం గారు.

"చక్రాల వాటి మటుకేనాండి? అయితే ముందు చక్రం అంటే ఏంటో నిర్వచించాలండి. దానికో కమిటీ..."

"మొత్తము రద్దు చేయుము. ఏ గృహమునకైనను సరే, ఇకమీదట ముగ్గు నివాసమునకు నిదర్శనము కానేరదు."

సత్యమూర్తి గారి పెన్ను ఆగింది. "మరి ఊళ్లో ఇళ్లన్నీ ముగ్గు మీదే ఉన్నాయి గదండి. వాళ్లందరూ?"

విశ్వేశ్వరం గారు గడియారం చూసుకున్నారు. "తదుపరి ఉత్తర్వుల వరకు ఈ గ్రామమున ఎవ్వరును నివసించుట లేదని భావింపుము."

బానెట్ మీద పెట్టి సంతకం చేసి, డ్రైవరు కోసం కూడా ఆగకుండా తానే ముగ్గు మీదుగా కారు పోనిచ్చి వెళ్లిపోయారు. నెమళ్లు రెండూ చెదిరిపోయాయి. రత్నం ఏమీ అనుకోలేదు.

రికార్డుల్లో ఖాళీ అయిన ఊరి బయట సత్యమూర్తి గారు కాగితం పట్టుకుని నిలబడిపోయారు. "మనుషులే లేని ఊరికి కార్యదర్శి ఎందుకని అడుగుతారేమోనండి" అన్నారు. రత్నం లోపలికి తీసుకెళ్లి కాఫీ ఇచ్చింది. "ఎవరడుగుతారు నాయనా, అడగడానికి ఊళ్లో ఎవరున్నారు గనక?" అంది. ఆయనకి ఆ మాట కాస్త ధైర్యం ఇచ్చినట్టే ఉంది.

నేను మాత్రం ఆలస్యం చేయలేదు. కొక్కెం తగిలించి కారు ముందుకి లాగాను. చక్రాల చుట్టూ కట్టిన పునాది ఒక్క ఊపుకే జలజలా రాలిపోయింది. సిమెంటు ఉండాల్సిన చోట అంతా ఇసుకే ఉంది. ఆ కాంట్రాక్టరు ఎవరో గానీ మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండు బండ్ల లెక్క పైకి చేరిపోయింది కాబట్టి గవరయ్య ఈసారి ఆపలేదు. గేటు తీస్తూ దిగులుగా, "మళ్లీ ఎప్పుడొత్తారండి?" అన్నాడు.

"వస్తాంలే నాయనా. ఈసారి మాత్రం వాకిలి ఊడవను" అంది రత్నం.

లంబసింగి చేరేసరికి చీకటి పడింది. ఎక్కడ ఆపామో మాకే సరిగా తెలియలేదు. రోడ్డు పక్కన కాస్త చదునుగా అనిపించిన చోట జాకీలు దించి పడుకున్నాం. పొద్దున రత్నం తలుపు తీస్తే ఎదురుగా ఏమీ లేదు. తెల్లగా మంచు, అంతే. మెట్లు కూడా సగమే కనబడుతున్నాయి. ఆవిడ చిన్నపిల్లలా చేయి చాపి మంచును తాకి చూసింది. ఇంకా అయిపోలేదండీ, మన కోసం ఉంచారు అంది. ఊ అన్నాను. ముగ్గు డబ్బా తీసుకుని దిగి ఆ మంచులోకి వెళ్లిపోయింది. నాకు చీపురు చప్పుడు, చెంబులో నీళ్లు పడే చప్పుడు, మధ్యమధ్య ఆవిడ కూనిరాగం మాత్రం వినబడ్డాయి. ఎంతసేపు వేసిందో. నేను టీ కాచి పిలిచినా రాలేదు.

ఎండ తగిలి మంచు మెల్లగా లేచింది. ముందు ఆవిడ పాదాలు కనబడ్డాయి, తర్వాత ముగ్గు కనబడింది. ఆ నేల ఎంత ఉంటే అంత వేసింది. నెమళ్లే కాదు, వాటి పిల్లలు కూడా ఉన్నాయి. ఇంకాస్త మంచు లేచాక, ముగ్గుకి అవతలి అంచున, రెండు గుంజల మీద నిలబెట్టిన బోర్డు కనబడింది. 'రక్షిత ప్రాంతము. ఇచ్చట ఎట్టి నివాసము ఏర్పరచుకొనుటయు శిక్షార్హము.'

రత్నం బోర్డు చదివింది. నేనూ చదివాను. ఇద్దరం ముగ్గు వైపు చూశాం. కింద మలుపు దగ్గర జీపు ఏదో గేరు మార్చి ఎక్కుతున్న చప్పుడు వినబడింది.

"కొక్కెం తగిలించడానికి ఎంతసేపు పడుద్దండీ?" అంది.

"నువ్వు ఆ డబ్బా లోపల పెట్టి వచ్చేలోపు."

ఆవిడ డబ్బా లోపల పెట్టలేదు. కారులో ముందు సీట్లో ఎక్కి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఊ, పోనీయండి. తర్వాతి వాకిలి ఎక్కడ?" అంది.